అద్దె లేని పడవ

మా అక్క కొడుకు చదువుకోవడానికి లండన్ వచ్చి ఎనిమిది నెలలైంది. ఈస్ట్‌హామ్‌లో ఒక ఇంటి మేడ మీద గదిలో మరో కుర్రాడితో కలిసి ఉంటున్నాడు. వాడి వాటా నెలకి 450 పౌండ్లు. పోయిన వారం రాత్రి పదకొండు దాటాక వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. ఎవరో తెలుగు కుర్రాడే, కాలువలో పడవ కప్పు మీద కాళ్లు చాపుకుని కూర్చుని, లండన్‌లో అద్దె కట్టకుండా బతకడం ఎలాగో చెబుతున్నాడు. వెనకాలే మావాడి ఎక్సెల్ షీటు వచ్చింది. దాని వెనకాలే ప్రశ్న: “పిన్నీ, 28 వేలకి పడవ అమ్మకానికి ఉంది. అద్దె లేదు, కౌన్సిల్ టాక్స్ లేదు. నాన్నని అర ఎకరం అమ్మమని అడగనా?”

కౌన్సిల్ టాక్స్ అంటే ఇక్కడి మునిసిపాలిటీకి కట్టే ఇంటి పన్ను. అర ఎకరం అంటే కొబ్బరితోట. మా బావగారికి ఉన్నదే ఎకరంన్నర.

“వద్దురా” అని ఒక్క ముక్క రాసి పడుకోవాల్సింది. రాయలేకపోయాను. అలాంటి పడవలో నేను అయిదు వారాలు ఉన్నాను. మొదటి ఆదివారం నేనూ అచ్చం అలాంటి షీటే వేసుకున్నాను, చివరి ఆదివారానికి తీసి పారేశాను. ఎందుకు పారేశానో వాడికి ఫోనులో అరగంట చెప్పినా తెమల్లేదు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

పొయ్యి, పిల్లి, క్యాసెట్

2022 డిసెంబరు. నేనుంటున్న ఫ్లాటుని ఓనరు అమ్మేసుకున్నాడు. కొత్తదాని తాళాలు జనవరి రెండో వారానికి గానీ చేతికి రావు. ఆఫీసులో నా పక్క సీటావిడ చాలా ఏళ్లుగా నారోబోటులో ఉంటోంది. వాళ్లమ్మకి ఒంట్లో బాగాలేదని ఐర్లండ్ వెళ్తూ, “నేనొచ్చేదాకా నా పడవలో ఉండు, పిల్లికి తిండి పెట్టు, పొయ్యి ఆరిపోకుండా చూడు, చాలు” అంది. కోనసీమలో కాలువ గట్టున పుట్టినదాన్ని, పడవంటే నాకేం కొత్త అనుకున్నాను.

నారోబోటు, అంటే సన్న పడవ, పేరుకి తగ్గట్టే ఉంటుంది. ఆవిడది పొడవు యాభై అడుగులు, వెడల్పు ఏడడుగుల లోపు. ఇంగ్లండులో చాలా పాత కాలువల లాకులు (నీటిమట్టం మారేచోట పడవని ఎక్కించి దించే తలుపుల తొట్లు) ఏడడుగుల వెడల్పుతో కట్టారు, పడవ వాటిలో పట్టాలి కాబట్టి ఆ కొలత. లోపలి చెక్కలూ వాటి వెనక కుక్కిన ఇన్సులేషనూ పోగా మిగిలేది మన స్లీపర్ బోగీలో ఒక బెర్తు పొడవంత. అంతలోనే వరసగా వంటిల్లు, సోఫా, స్నానాల గది, మంచం. ఒకరు స్టవ్వు దగ్గర నిలబడితే రెండోవాళ్లు దాటి వెళ్లడానికి లేదు. నాతో ఉన్నది పిల్లి కాబట్టి సరిపోయింది.

టాటెన్‌హామ్ దగ్గర లీ కాలువలో కట్టి ఉంది పడవ. నేను చేరిన నాలుగైదు రోజులకే మంచు కురిసింది, కాలువ మీద నీళ్లు గడ్డకట్టాయి. పడవ మధ్యలో ఒక ఇనప పొయ్యి ఉంటుంది, పొగరాని బొగ్గు వేస్తారు. రాత్రి పడుకోబోయే ముందు నిండా బొగ్గు వేసి పొయ్యిలోకి గాలి పోయే మర బిగించాలి. ఎక్కువ బిగిస్తే మూడింటికల్లా ఆరిపోతుంది. తక్కువ బిగిస్తే నాలుగింటికి బూడిదే మిగులుతుంది. ఆ మర ఎక్కడ ఆపాలో తెలియడానికి నాకు పన్నెండు రాత్రులు పట్టింది. ఆ పన్నెండు రాత్రులూ తెల్లవారుజామున చలికి మెలకువ వచ్చేది. కిటికీ అద్దానికి లోపలివైపు మంచు కట్టి ఉండేది, పొయ్యి రాజుకోగానే అది కరిగి దుప్పటి మీదికి కారేది. గోడ మీద కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉంటుంది. మనుషులుండే పడవల్లో అది ఉండాల్సిందేనని 2019 నుంచి నిబంధన. పొయ్యి ఆరిపోతే చలి, సరిగ్గా మండకపోతే ఆ గ్యాసు భయం. పడుకున్నాక ఆ అలారం చిన్న లైటు వంకే చూస్తూ ఉండేదాన్ని.

కరెంటు కప్పు మీది సోలార్ పలకల నుంచి వస్తుంది. డిసెంబరులో లండన్ సూర్యుడు ఎంత ఇస్తాడో లండన్‌లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. కాబట్టి ఇంజన్ ఆన్ చేసి బ్యాటరీలు నింపుకోవాలి, అదీ పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది లోపే, పక్క పడవల వాళ్ల నిద్ర చెడకుండా. నాకేమో ఆఫీసు మీటింగులు. ఒకరోజు మీటింగు మధ్యలో మా మేనేజరు, “మీ వెనక ట్రాక్టరేమైనా నడుస్తోందా?” అని అడిగాడు. అవునన్నాను. ఏం చెప్పాలో తోచలేదు మరి.

ఇక టాయిలెట్. దాని కింద సూట్‌కేసు లాంటి ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది, క్యాసెట్ అంటారు. ఇరవై లీటర్లు పడుతుంది, ఒక్క మనిషికి అయిదారు రోజులు వస్తుంది. నిండాక దాన్ని లాగి, చిన్న ట్రాలీకి తాళ్లతో కట్టి, గట్టు వెంట స్టోన్‌బ్రిడ్జ్ లాకు దాకా ఈడ్చుకెళ్లి, అక్కడున్న ఎల్సాన్ అనే మురుగు తొట్టిలో ఒంపి కడుక్కోవాలి. మొదటిసారి వెళ్లినప్పుడు దారంతా కంటికి కనపడని జారుడు మంచు. ట్రాలీ ఒకవైపుకి జారుతోంది, నేను ఇంకోవైపుకి. ఎదురుగా జాగింగ్ చేస్తూ వచ్చిన దంపతులు నవ్వుతూ గుడ్ మార్నింగ్ చెప్పారు. నేనూ చెప్పాను, చెయ్యి మాత్రం పెట్టె మూత మీది నుంచి తీయలేదు. తొట్టి దగ్గరికి వెళ్లాక చూస్తే కడుక్కునే కుళాయి గడ్డకట్టి ఉంది. మన మలం మనం మోసుకుంటూ నడుస్తుంటే, మన ఊళ్లలో ఈ పని తరతరాలుగా ఎవరి నెత్తిన పెట్టామో గుర్తుకు రాకుండా ఉండదు. అది వేరే వ్యాసం, ఇంకోసారి.

నేను అకౌంట్స్ మనిషిని, ఏదో ఒకటి లెక్క రాయకపోతే తోచదు. రెండో వారం నుంచి ఫ్రిజ్ మీద కాగితం అంటించి గంటలు రాశాను. నీళ్లు తెచ్చుకుని ట్యాంకు నింపడానికి వారానికి రెండు గంటలు. క్యాసెట్‌కి గంటన్నర. బొగ్గు బస్తాలు, పుల్లలు కొట్టడం, బూడిద ఎత్తడం అన్నీ కలిపి మూడు. ఇంజన్, బ్యాటరీల తనిఖీ ఒకటి. బట్టలు లాండ్రెట్‌కి మోసుకెళ్లి ఉతికి తేవడం గంటన్నర. మొత్తం తొమ్మిది. ఇల్లు ఊడవడం, వంట, గిన్నెలు ఇందులో లేవు, అవి ఎక్కడున్నా తప్పవు. కేవలం ఇల్లు ఇల్లుగా ఉండడానికి వారానికి తొమ్మిది గంటలు. ఫ్లాటులో ఆ పని గోడ వెనకున్న గొట్టాలు చేస్తాయి.

షీటులో లేని గళ్లు

మావాడి షీటులో మూడే గళ్లున్నాయి: లైసెన్సు, ఇన్సూరెన్సు, డీజిలు. అవి కలిపితే నెలకి రెండొందల లోపే వచ్చింది. వాడి తప్పేం లేదు, వీడియోల్లో చెప్పేవి అవే.

28 వేలకి వచ్చే పడవ సాధారణంగా ముప్పై ఏళ్ల పైబడిన ఇనప పడవ. ఈ పడవలు కట్టేటప్పుడు అడుగు రేకు పది మిల్లీమీటర్లు, పక్కలు ఆరు, పైభాగం నాలుగు వేయడం మామూలు. నీళ్లలో ఉన్న ఇనుము ఏళ్ల తరబడి ఊరుకోదు, గుంటలు పడి పల్చబడుతుంది. అందుకని కొనేముందు పడవని నీళ్లలోంచి బయటికి తీయించి, సర్వేయరు చేత రేకు మందం కొలిపించాలి. పాత పడవ అయితే ఇన్సూరెన్సు వాళ్లు కూడా ఆ కాగితం అడుగుతారు. నాలుగు మిల్లీమీటర్లకి తగ్గిందంటే పైన కొత్త రేకు వెల్డింగు చేయించాలి. ఆ ఖర్చు వేలల్లో. అదేమీ లేకపోయినా రెండు మూడేళ్లకోసారి పడవని పైకి తీసి అడుగుకి నల్లరంగు పూయించాలి, మన దగ్గర పడవలకి తారు పూసినట్టే. నాలుగేళ్లకోసారి భద్రతా సర్టిఫికెట్. అది లేకపోతే లైసెన్సు రాదు. బ్యాటరీలకి ఆయుష్షు ఉంటుంది. ఇంజనుకి కోపతాపాలుంటాయి. ఇళ్లకిచ్చే హోమ్ లోన్ దీనికి రాదు, చాలావరకు చేతి డబ్బే.

మా ఆఫీసావిడ తన ఖర్చుల పుస్తకం నాకు చూపించింది. పెద్ద రిపేరు రాని ఏడాదిలో అన్నీ కలిపి నెలకి 330 పౌండ్లు పడ్డాయి. ఒంటరిగా ఒక ఫ్లాటులో ఉండాలంటే? లండన్‌లో ప్రైవేటు అద్దె సగటు 2025లో నెలకి 2,200 పౌండ్లు దాటింది. చిన్న ఫ్లాటు తీసుకున్నా ఆవిడకి వెయ్యికి పైగా మిగులుతుంది. ఆవిడకి పడవ చవకే, అందులో అనుమానం లేదు.

కానీ మావాడు కడుతున్నది 450. పడవలో 330 అయితే మిగిలేది 120. ఆ 120 కోసం ముందు 28 వేలు కుమ్మరించాలి. 28 వేలంటే వాడి వాటా అద్దె అయిదేళ్లకి పైనే. పడవ ఎవరికి చవక అన్న ప్రశ్న అక్కడే తేలిపోయింది నాకు. ఫ్లాటు అద్దె కట్టే స్తోమత ఉండి, దాన్ని కట్టదల్చుకోని వాళ్లకి చవక. చేతిలో ఒకేసారి పెట్టడానికి సొమ్మున్న వాళ్లకి చవక. నిజంగా ఇల్లు లేక ఒక గదిని ఇద్దరూ ముగ్గురూ పంచుకునే వాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ చవక మాయమైపోతుంది. పేదవాళ్లు ఇప్పటికే పడవ కంటే చవకైన చోటే ఉంటున్నారు, దాని పేరు సగం గది.

దీనికి వాడి దగ్గర జవాబు ఉంది. “అద్దె డబ్బులు పోతే పోయినట్టే కదా పిన్నీ. పడవ అయితే చదువయ్యాక అమ్ముకోవచ్చు.” నిజమే, అమ్ముకోవచ్చు. మంచి రోజు చూసి అమ్మితే పెట్టినదాంట్లో చాలా వరకు తిరిగి రావచ్చు. అయితే తోట ఉన్నచోటే ఉంటుంది, ఏటా రేకు పల్చబడదు. వాడు పోల్చాల్సింది అద్దెతో కాదు, తోటతో. అది చెబితే వాడు మాట మార్చాడు.

పద్నాలుగు రోజుల రేవు

అద్దె సున్నా అన్న మాటలో ఒక మెలిక ఉంది. 1995 నాటి బ్రిటిష్ వాటర్‌వేస్ చట్టం ప్రకారం పడవకి ఒక సొంత రేవైనా ఉండాలి, లేకపోతే ఏ ఒక్కచోటా పద్నాలుగు రోజులకి మించి ఆగకుండా తిరుగుతూనైనా ఉండాలి. ఈ రెండో పద్ధతినే కంటిన్యుయస్ క్రూజింగ్ అంటారు. వీడియోలో కుర్రాడి సున్నా అద్దె ఇదే. ఒక వంతెన కింద నుంచి పక్క వంతెన కిందికి జరిపి, పద్నాలుగు రోజులకి మళ్లీ వెనక్కి రావడం చెల్లదు. ఏడాదిలో కనీసం ఇరవై మైళ్ల పరిధిలో తిరగకపోతే లైసెన్సు ఇచ్చే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ ఒప్పుకోవడం కష్టం. వాళ్లు పడవల నంబర్లు రాసుకుంటూ తిరుగుతారు.

తిరగడమంటే కారు తిప్పినట్టు కాదు. కాలువల్లో గంటకి నాలుగు మైళ్లు దాటకూడదు, కట్టి ఉన్న పడవల పక్క నుంచి ఇంకా మెల్లగా పోవాలి. లాకు వస్తే దిగి, ఇనప పిడితో తూములు తిప్పి, నీళ్లు సమం అయ్యేదాకా ఆగి, దూలాన్ని నడుంతో తోసి తలుపు తెరవాలి. ఒక్కరే అయితే ఒక్కో లాకుకి అరగంట. దానికితోడు చలికాలంలో రిపేర్లకని లాకులు మూసేస్తారు, మన దగ్గర ఎండాకాలం కాలువలు కట్టేసినట్టు. నీళ్లు చాలక కూడా మూస్తారు. 2025 వేసవిలో ఉత్తరాన, మధ్య ఇంగ్లండులో చాలా కాలువలు అలా మూతపడ్డాయి.

మావాడి కాలేజీ తూర్పు లండన్‌లో. షిఫ్టులు ఒక గోదాములో. రెండు వారాలు ఇల్లు హ్యాక్నీలో ఉంటుంది, ఆ తర్వాత రెండు వారాలు ఎన్‌ఫీల్డ్ అవతల ఉంటుంది. పార్సిల్ ఎక్కడికి రావాలి? బ్యాంకు ఉత్తరం ఎక్కడికి పోవాలి? స్టూడెంటు వీసా మీద ఉన్నవాడు అడ్రసు మారితే కాలేజీకీ హోం ఆఫీసుకీ చెప్పాలి. మా ఆఫీసావిడ తన అన్నయ్య ఇంటి అడ్రసు వాడుకుంటుంది. ఓటు మాత్రం స్థిరమైన అడ్రసు లేనివాళ్లకని ఉన్న ‘లోకల్ కనెక్షన్’ డిక్లరేషన్ ఇచ్చి వేస్తుంది. ఆవిడకి ఈ దేశంలో అన్నయ్య ఉన్నాడు. మావాడికి ఇక్కడ నేనున్నాను, నా అడ్రసు ఇస్తాను, అదేం పెద్ద సంగతి కాదు. నాలాంటి పిన్ని లేని కుర్రాళ్లు ఎంతమంది ఆ వీడియో చూస్తున్నారో అనిపిస్తుంది.

పోనీ సొంత రేవు తీసుకుందామా అంటే లండన్‌లో అవి దొరకవు. దొరికితే ఏడాదికి పది వేల పౌండ్లు దాటేవి కూడా ఉన్నాయి. అద్దె పేరు మారి తిరిగొచ్చినట్టే. పైగా అద్దె ఇంటివాడికి చట్టంలో ఉన్నపాటి రక్షణ కూడా చాలా రేవుల్లో పడవ వాళ్లకి లేదు.

ఇది కొత్త ఉపాయం కాదు

ఈ కాలువలు తవ్వింది బొగ్గూ సరుకులూ మోయడానికి. 1761లో మాంచెస్టర్ దగ్గర బ్రిడ్జ్‌వాటర్ కాలువతో ఊపందుకుంది ఆ పని. లండన్‌లో రీజెంట్స్ కాలువ పూర్తిగా తెరిచింది 1820లో. మొదట్లో పడవ నడిపేవాళ్లకి గట్టు మీద ఊళ్లలో ఇళ్లుండేవి. 1840ల్లో రైళ్లు పోటీకి వచ్చాక కిరాయి పడిపోయింది. ఇంటి అద్దె, కూలీ జీతం రెండూ కట్టుకోలేక పడవ మనిషి పెళ్లాం పిల్లల్ని పడవలోకి తెచ్చుకున్నాడు. భార్య జీతం లేని కూలీ అయింది. పదడుగులు కూడా లేని వెనక గదిలో కుటుంబమంతా. పిల్లలకి బడి లేదు, ఎందుకంటే బడి ఉన్న ఊళ్లో రేపు పడవ ఉండదు. జార్జ్ స్మిత్ అనే ఆయన పోరు పెట్టగా పెట్టగా 1877లో కెనాల్ బోట్స్ చట్టం వచ్చింది. పడవని నివాసంగా రిజిస్టరు చేయాలి, ఇంతమందికి మించి ఉండకూడదు అని. 1962–63 చలికాలం కాలువలు నెలల తరబడి గడ్డకట్టాక ఆ సరుకు రవాణా దాదాపు ముగిసిపోయింది.

అంటే ఇళ్లు కొనలేనివాళ్లు నీళ్ల మీదికి పోవడం ఈ దేశంలో ఇదివరకు జరిగిందే. అప్పుడు దాన్ని దురవస్థ అన్నారు, చట్టం చేశారు. ఇప్పుడు అదే వెనక గదికి గులాబీలూ కోటలూ ఉన్న పాత రంగుల బొమ్మలు వేసి, జీవనశైలి అంటున్నారు. పదం మారినంత మాత్రాన గది పెద్దదవదు.

మా అమ్మమ్మ కాపరానికి వచ్చింది గూటి పడవలోనేట. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయ్యాక తవ్విన కాలువలు పొలాలకి నీళ్లూ ఇచ్చాయి, పడవలకి దారీ ఇచ్చాయి. ఇక్కడ గట్టు మీద గుర్రం లాగేది, అక్కడ మనుషులే తాడు భుజానేసుకుని లాగేవాళ్లు. లొల్ల లాకుల దగ్గర నీళ్లు నిండేదాకా పడవలోనే కూర్చున్నామని అమ్మమ్మ ఎంతో మురిపెంగా చెప్పేది. ఆ తాడు లాగినవాళ్లు ఎక్కడ పడుకునేవాళ్లో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఆవిడ మాట

ఇదంతా ఒకరోజు భోజనాల వేళ మా ఆఫీసావిడకి చెప్పాను. కోప్పడలేదు గానీ చెంచా కింద పెట్టేసింది. “అయిదేళ్లలో మూడుసార్లు నన్ను ఇల్లు ఖాళీ చేయించారు. ఒకసారి కూడా నా తప్పు లేదు. పడవలోకి వచ్చాక నన్ను ఎవరూ పొమ్మనలేదు. రెండు వారాలకోసారి నేనే పోతున్నాను. తేడా తెలుస్తోందా?” అంది.

తెలిసింది. నేను పడవలో ఉండాల్సి వచ్చిందే ఓనరు ఇల్లు అమ్ముకోవడం వల్ల కదా. నా తొమ్మిది గంటల లెక్క చూపిస్తే ఆవిడ నవ్వింది. “పుల్లలు కొట్టడం నాకు పని కాదు, ఆఫీసులో నీ షీట్లు చూడడం పని” అంది. దానికీ నా దగ్గర జవాబు లేదు.

ఆ అయిదు వారాల్లో నాకు నచ్చినవి లేకపోలేదు. గడ్డకట్టిన కాలువ రాత్రిపూట పడవ పక్కన కీచుమంటుంది, ఎవరో మెల్లగా పాత తలుపు తీస్తున్నట్టు. మొదటి రాత్రి భయమేసింది, తర్వాత అది వినిపించకపోతే నిద్ర పట్టేది కాదు. వెనక పడవలో డెబ్బై దాటిన ఒక పెద్దాయన ఉండేవాడు. నా పొగగొట్టంలోంచి పొగ రావడం లేదని చూసి, పొద్దున్నే తలుపు తట్టి ఒక సంచి నిండా ఎండు పుల్లలు ఇచ్చి వెళ్లాడు. పదిహేనేళ్లు ఫ్లాటుల్లో ఉన్నాను, పక్క తలుపు వాళ్లు నా ఇంటి పొగ సంగతి ఎప్పుడూ చూడలేదు. ఆ పెద్దాయన ఒకసారి నా ట్రాలీ చూసి, తన మోకాలు చూపించి, “ఇంకో రెండు చలికాలాలు. ఆ తర్వాత కౌన్సిల్ దయ” అన్నాడు. పడవ ఇల్లు మోకాళ్లు ఉన్నంతవరకే ఇల్లు. దాన్ని మావాడి వయసులో ఎవరూ లెక్కేసుకోరు, మా ఆఫీసావిడ కూడా వేసుకోలేదేమో.

కాబట్టి నేను అంటున్నది పడవలో ఉండొద్దని కాదు. ఇష్టపడి ఉండేవాళ్లు ఉండాలి, వాళ్లని ఉండనివ్వాలి కూడా. ఇళ్ల కరువుకి ఇదో మందు అని పత్రికల వాళ్లూ వీడియోల వాళ్లూ అమ్ముతున్నారే, దాంతోనే నా పేచీ. లండన్ కాలువలు, నౌకాయోగ్యమైన నదులు కలిపితే నూరు మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు. లాకులు, వంతెనలు, మలుపులు ఏమీ లేవనుకుని, తల ఒకటి తోక ఒకటి తగిలేలా అరవై అడుగుల పడవలు ఒక వరసలో కట్టుకుంటూ పోయినా తొమ్మిది వేలు దాటవు. ఊళ్లో జనం తొంభై లక్షలు.

చవక అని తెలిసిన మర్నాడు

పైగా చవకగా ఉందని పదిమందికీ తెలిసిన మర్నాటి నుంచి అది చవకగా ఉండదు. ఆమ్‌స్టర్‌డామ్ చూడండి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్లు దొరకక జనం పాత సరుకు పడవలు కొనుక్కుని కాలువల్లో కాపరాలు పెట్టారు. ఇప్పుడక్కడ సుమారు 2,500 పడవ ఇళ్లున్నాయి. కొత్త రేవులకి పర్మిట్లు ఇవ్వడం లేదు. దాంతో మంచిచోట కట్టిన పడవ ధర మంచి ఫ్లాటు ధరకి ఎక్కింది. పడవకి కాదు ఆ ధర, దాని కింద ఉన్న నీళ్లకి.

లండన్‌లో అది ఇంకో దారిలో వస్తోంది. సొంత రేవు లేని పడవల లైసెన్సు మీద 2024 ఏప్రిల్ నుంచి ట్రస్ట్ 5 శాతం అదనం వేసింది. ఏటా పెంచుకుంటూ 2028కి అది 25 శాతానికి చేరుతుంది. వెడల్పు పడవలకి వేరే వడ్డన ఉంది. ట్రస్ట్ వైపు నుంచి చూస్తే రెండువందల ఏళ్లు దాటిన గట్లూ లాకులూ నిలబెట్టాలి, రెండు వేల మైళ్లు. ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు 2027 నుంచి తగ్గుతూ పోతుంది. ఎవరో ఒకరు కట్టాలి. అకౌంట్స్ మనిషిగా నాకు ఆ బాధ అర్థమవుతుంది. కానీ గట్టు మీద నడిచేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు, కాలువ కనపడుతుందని ఫ్లాటు ధర పెంచి అమ్ముకునే బిల్డర్లు అందరూ ఉండగా, కదిలే పడవల మీదే ఆ భారం ఎక్కువ ఎందుకు పడాలో మాత్రం ఎంత ఆలోచించినా తెలియలేదు. నేషనల్ బార్జీ ట్రావెలర్స్ అసోసియేషన్ అనే పడవల్లో ఉండేవాళ్ల సంఘం దీనిమీద ఊరేగింపులు తీసింది. ఒకవైపు ఇళ్ల కరువుకి పడవలే దారి అని పొగుడుతారు, ఇంకోవైపు ఉన్నవాళ్లకి ఖర్చు పెంచుతారు. పొగిడే నోరూ పెంచే చెయ్యీ వేర్వేరు మనుషులవే అనుకోండి.

విజయవాడలో ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ గట్ల మీద రేకుల ఇళ్లలో ఉన్నవాళ్లని మనం ఎప్పుడూ జీవనశైలి అనలేదు. ఆక్రమణ అన్నాం. సుందరీకరణ అన్నప్పుడల్లా ముందు లేచేవి ఆ ఇళ్లే. వాళ్లూ కాలువ పక్క చవకగా ఉందనే వచ్చారు. ఇక్కడ నీళ్ల మీద, అక్కడ గట్టు మీద. లైసెన్సు నంబరు ఒక్కటే తేడా.

మావాడికి ఇదంతా చెప్పలేదు. ఒక పని మాత్రం చెప్పాను. “నీ షీటులో ఇంకో వరస చేర్చు. నీళ్లకి రెండు గంటలు, క్యాసెట్‌కి గంటన్నర, ఇలా తొమ్మిది గంటలు వెయ్యి. గంటకి రేటు కట్టు.” రెండో రోజు షీటు తిరిగి వచ్చింది. వరస చేర్చాడు, గంటలు సరిగ్గా వేశాడు. రేటు దగ్గర సున్నా పెట్టాడు.

“ఆ సున్నా దిద్దు. గోదాములో నీకు గంటకి ఎంతిస్తారు?”

“12.21.”

“అది వెయ్యి.”

నేనూ ఇక్కడ వేసుకున్నాను. తొమ్మిది గంటలకి వారానికి 110, నెలకి 476. వాడు ఇప్పుడు కడుతున్న అద్దె కంటే ఎక్కువ. నాకు గెలిచినట్టే అనిపించింది. పది నిమిషాలు నీలం టిక్కులే ఉన్నాయి. తర్వాత మెసేజ్ వచ్చింది.

“స్టూడెంటు వీసా మీద టర్ము నడిచేటప్పుడు వారానికి 20 గంటలే పనిచెయ్యాలి కదా పిన్నీ. ఆ పైన నా గంటలు ఎవరూ కొనరు. రేటు సున్నానే.”

రెండుసార్లు ఏదో టైపు చేసి చెరిపేశాను. మా ఆఫీసావిడకి ఫోన్ చేసి, శనివారం మావాణ్ని తీసుకొస్తాను, పడవ చూస్తాడట అన్నాను. రమ్మంది. క్యాసెట్ శుక్రవారానికే నిండుతుంది గానీ, శనివారం దాకా ఉంచుతానంది.